ఆరో పంక్తి

నేను బెజవాడలో బి.ఎ. లెక్కలు చదివే రోజుల్లో లెక్కలు చేసేవాళ్ళు తక్కువ, వల్లించేవాళ్ళు ఎక్కువ. తెల్లవారగానే మా క్లాసు మొత్తం బందరు కాలవ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ సిద్ధాంతాలను గొంతెత్తి అప్పజెప్పుకునేది. బట్టలుతికే ఆడవాళ్ళు మమ్మల్ని వేదపాఠశాల పిల్లలనుకున్నారు. ఒకావిడ నాకు దణ్ణం కూడా పెట్టింది. నేను వద్దనలేదు.

యుద్ధం రోజులు, కాగితం కరువు. అందుకని హాస్టల్లో సీనియరు వెళ్ళిపోతూ తన నోట్సును జూనియరుకు అప్పగించి వెళ్ళేవాడు. నాకు ఇచ్చినాయనది చల్లపల్లి. కొబ్బరికాయ కొట్టించి మరీ ఇచ్చాడు. "ఇందులో ఉన్నది ఉన్నట్టు రాయి. సొంత తెలివి మాత్రం వాడబాక," అని ఆశీర్వదించాడు. మా లెక్చరరు గారు క్లాసులో చెప్పేదీ పొల్లు పోకుండా అదే. ఆయన ఎక్కడ ఆగి పొడుం పీలుస్తారో కూడా అంచున గుర్తు పెట్టి ఉండేది.

మా నాన్న మంగళగిరిలో చీరలు నేసేవాడు. నన్ను కాలేజీకి పంపుతూ ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "సెలక్షన్లో తప్పావంటే తిరిగొచ్చి మగ్గం గుంటలో దిగు. అదెక్కడికీ పోదు." ఫైనలు పరీక్షకు ఎవరిని పంపాలో కాలేజీవాళ్ళు తేల్చుకునే పరీక్షే ఈ సెలక్షన్. అది గట్టెక్కితే చాలనుకునేవాణ్ణి. కానీ నా ఖర్మ కాలి, లెక్కలంటే నాకు నిజంగానే ఇష్టం.

ఆ ఇష్టం కొద్దీ ఒకరోజు ఒక సిద్ధాంతాన్ని వల్లించడం ఆపి, చదివాను. ఆరో పంక్తిలో రెండు వైపులా ఒకే దానితో భాగించారు. అదేమో ఒక్కోసారి సున్నా కావచ్చు. సున్నాతో భాగించకూడదని బళ్ళో పిల్లలకు కూడా తెలుసు. ఆ సందర్భాన్ని విడిగా చూపిస్తే సరిపోతుంది, రెండు వాక్యాల పని. ఇన్నేళ్ళుగా ఆ రెండు వాక్యాలూ ఎవరికీ అక్కర్లేకపోయాయి.

క్లాసులో లేచి అడిగాను. వెనక బెంచీవాడు నా చొక్కా పట్టుకు లాగాడు. లెక్చరరు గారు పొడుం డబ్బా మూసి, బోర్డు వంక చాలాసేపు చూశారు.

"ఇది మా గురువుగారు చెప్పిందోయ్," అన్నారు చివరికి. "దీన్ని రాసి ఎంతమంది పాసయ్యారో తెలుసా? కూచో."

పాసైనవాళ్ళే సిద్ధాంతానికి రుజువని నాకు అప్పుడే తెలిసింది. సాయంత్రం హాస్టల్లో నా మీద విచారణ జరిగింది. "నీ సందేహం మండిపోను! సెలక్షన్ పేపర్లు దిద్దేది ఆయనే. ఆయనకి కోపమొస్తే అందరం మునిగిపోతాం గదా," అన్నాడు నా గదివాడు. "నీకేం, మగ్గముంది. మాకేముందయ్యా?" మగ్గం మాట వినగానే నా వీరత్వం సగం దిగిపోయింది.

సెలక్షన్లో మొదటి ప్రశ్నే ఆ సిద్ధాంతం. ఆరో పంక్తి దగ్గర నా పెన్ను ఆగింది. ఆ రెండు వాక్యాలూ మనసులో సిద్ధంగా ఉన్నాయి. కానీ అవి రాస్తే ఆయనతో వాదానికి దిగినట్టే అనిపించింది. భయమేసింది. నోట్సులో ఉన్నదే దించేశాను. చేతికి అలవాటైన పని కాబట్టి ఒక్క కొట్టివేత కూడా పడలేదు.

ఫలితాలు చెప్పిన రోజున లెక్చరరు గారు నన్ను తన గదికి పిలిపించారు. నా పేపరు ఆయన ముందు తెరిచి ఉంది. ఆరో పంక్తి మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు.

"నువ్వు చెప్పిందే రైటోయ్. ఆ రోజే ఇంటికెళ్ళి చూసుకున్నాను. క్లాసులో ఒప్పుకోడానికి నోరు రాలేదు. నువ్వు సరిగ్గా రాస్తే, ఆ పేపరు చూపించి అందరిచేతా నోట్సు దిద్దిద్దామని ఈ ప్రశ్న నీకోసమే ఇచ్చాను."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. అంత సిగ్గు మళ్ళీ ఎన్నడూ పడలేదు. ఆయన పేపరు మడిచి నా చేతికిచ్చారు. ఆ ప్రశ్నకు అందరితో పాటు నాకూ పూర్తి మార్కులు వేశారు.