గిటారు ఆంటీ వదిలిన ఖాళీ

నా చిన్నప్పుడు శుక్రవారం వచ్చిందంటే ఇంట్లో అందరికీ సెలవు, టేప్ రికార్డర్‌కు మాత్రం డ్యూటీ. దోహాలో, అల్ ముంతజాలో మా బాపుకు బట్టలు కుట్టే దుకాణం ఉండేది. దుకాణం మీదే మా ఇల్లు. ఊళ్లలో ఫోన్లు లేని కాలం అది, ఉత్తరాలు రాయడం రాని వాళ్లే ఎక్కువ. అందుకని క్యాంపుల్లో ఉండే మన తెలంగాణ వాళ్లు సెలవు పూట మా ఇంటికి వచ్చి, ఆ టేప్ రికార్డర్ మిషన్ ముందు కూర్చుని, ఇంటి వాళ్లతో చెప్పుకోవాల్సింది చెప్పుకొని, ఆ క్యాసెట్‌ను ఊరికి పోయే వాళ్ల చేతికిచ్చి పంపేవారు. అమ్మ చాయ్ పెట్టేది. మీటలు నొక్కడం నా పని. ఎర్ర మీటా, దాని పక్క మీటా కలిపి నొక్కితేనే గొంతు ఎక్కుతుందన్న సంగతి లోకంలో నాకొక్కదానికే తెలిసినట్టు తెగ పోజు కొట్టేదాన్ని.

ఆ మిషన్ ముందు కూర్చోగానే ఎంతటి వాగుడుకాయ అయినా బిగుసుకుపోయేవాడు. అప్పటిదాకా అమ్మతో వదినె, వదినె అంటూ పరాచికాలాడిన మనిషి గొంతు సవరించుకుని, "నేనిక్కడ క్షేమం, మీరందరూ క్షేమమని తలుస్తాను" అంటూ కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చెప్పేవాడు. అందరిలోకీ మా మేస్త్రీ కాకది మరీ అన్యాయం. జగిత్యాల వైపు మనిషి, గోడలు కట్టే పని. నవ్వితే వీధి చివరికి వినిపించేది. మిషన్ ముందు మాత్రం ఆ గొంతు ఎటుపోయేదో ఏమో!

ఆయన ఇక్కడికి వచ్చాక ఊళ్లో కూతురు పుట్టింది. మాటలు నేర్చిన ఆ పిల్లకు, కిందటిసారి పంపిన క్యాసెట్ పెట్టి, "మీ దుబాయ్ బాపు మాట్లాడుతున్నడు, వినే" అన్నారట. ఊళ్లో వాళ్లకు గల్ఫ్‌లో ఎక్కడున్నా దుబాయే. పిల్ల జడుసుకుని కోళ్లగంప కింద దూరిందట. ఊరి నుంచి వచ్చిన వాళ్లెవరో ఈ సంగతి నవ్వుతూ చెప్పారు. కాక మాత్రం నవ్వలేదు. "వచ్చే నెల ఇంటికి పోతున్న అన్నా. నన్ను జూసి గూడ గట్లనే ఉరికితే ఎట్ల?" అని మా బాపు ముందు కళ్లు తుడుచుకున్నాడు. అంత పెద్ద మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఊరి అతనొకడు ఆ సాయంత్రమే విమానం ఎక్కుతున్నాడు. కాక పోయేలోగా బిడ్డకు గొంతు అలవాటు చేయడానికి ఇక ఆ ఒక్క క్యాసెటే దిక్కు.

మా ఎదురింట్లో ఒక అమెరికా ఆవిడ ఉండేది. మొగుడు గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. నేను ఆమెను గిటారు ఆంటీ అనేదాన్ని, ఆమెకూ ఆ పేరే నచ్చింది. తండ్రి బొగ్గుగనిలో పనిచేసేవాడట. ఊళ్లో మనుషుల కష్టాలూ, గనిలోకి దిగేవాళ్ల ముచ్చట్లూ తనే పాటలుగా కట్టి, దారి పక్క హోటళ్లలో పాడుతూ పెరిగిందట. ఒక కంపెనీ రికార్డు వేసి, ఆమె గొంతు వినిపించకుండా ఫిడేళ్లన్నీ కుమ్మరించిందట. "నా పాటలో నాకే చోటు లేకపోయె" అని కంపెనీకి దండం పెట్టి, తన రికార్డులు తనే కారు డిక్కీలో వేసుకుని ఊరూరా అమ్ముకుంటూ తిరిగిందట. మెట్ల మీద కూర్చుని గిటారు మీటుతూ ఈ కథంతా నాకు ఇంగ్లీషులో చెప్పేది. పాటలు కట్టి బతకొచ్చన్న సంగతి నాకు ఆమెను చూశాకే తెలిసింది.

ఆ శుక్రవారం తలుపు తీసే ఉంది. కాక నాలుగు ముక్కలు మాట్లాడి, నీళ్లు నమిలి, మళ్లీ మొదలుపెట్టి, ఆపేశాడు. ఆంటీ గడపలో నిలబడి అంతా వింది. ఆమెకు తెలుగు ముక్క రాదు. అయినా నన్ను పిలిచి, ఈ గొంతు ఈ మనిషిది కాదే, నిన్న కింద దుకాణం ముందు మెట్టు బాగుచేస్తూ పాడిన గొంతు ఏదీ అని అడిగింది. నిజమే, పనిలో ఉంటే కాక పాడకుండా ఉండలేడు. ఆంటీ చెప్పింది నేను తెలుగులో చెప్పేసరికి ఆయన తల అడ్డంగా ఊపాడు. "గది పని పాట బిడ్డా. నేనొక మాట అంటే పక్కోళ్లు అందుకోవాలె. అందుకునెటోళ్లు లేకుంటే నోట్లకెళ్లి రెండో మాట రాదు."

ఆంటీకి అది విని మహా ఉషారు వచ్చింది. తన పాటకు గిటారు జవాబు చెబుతుంది, ఈయన పాటకు మనిషి చెప్పాలన్నమాట అంది. ఈయన బిడ్డ పక్కనే కూర్చుని వింటుంటే ఏమంటుందో చెప్పమని నన్నడిగింది. నేను తడుముకోకుండా, "వింటున్న బాపూ" అన్నాను. అంతే, నన్ను కాక పక్కన కూర్చోబెట్టి, కింద మెట్టు పనికి తెచ్చిన తాపీ ఆయన చేతికిచ్చి, ఒక ఇటుక ముందు పెట్టించింది. కాక ఇటుకను తాపీతో టకటకమని కొట్టాడు. ఆ చప్పుడుకే గొంతు లేచింది.

"ఊటబాయి లేని ఊరు, ఉప్పుగాలి ఊరు బిడ్డా" అని ఆయనంటే, "వింటున్న బాపూ" అని నేను అందుకున్నా. "గోడ నీడల కూసుండి జొన్నగట్క యాది జేస్తున్న" అంటే మళ్లీ అందుకున్నా. అమ్మ చాయ్ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాట అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు. క్యాసెట్ తిప్పి వింటే కాక కాకలాగే ఉన్నాడు, నేను కోయిలలాగా ఉన్నాను. నా ఆనందం పట్టడానికి ఇల్లు చాలలేదు.

ఆంటీ మాత్రం, "బాగుంది, చెరిపేసి మళ్లీ పాడదాం" అంది. ఈసారి మొదటి రెండు మాటలకే నేను అందుకోవాలట. ఆ తర్వాత నోరు మూసుకోవాలట. కాక పాడాలి, ఆగాలి, అంతసేపూ టేపు ఊరికే తిరగాలి, మళ్లీ పాడాలి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత బాగా పాడితే చెరిపేస్తారా, ఇదెక్కడి న్యాయం! బాపు కూడా, "ఖాళీగ ఉంటే మిషన్ కరాబైందనుకుంటరు" అన్నాడు. ఆంటీ కదలలేదు. నువ్వు పూర్తిగా పాడేస్తే అక్కడ ఆ పిల్ల కూర్చుని వింటుంది, అంతే. చోటు వదిలితే తనే పాడుతుంది అంది. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే కాక మారు మాట్లాడకుండా ఇటుక ముందుకు జరుపుకున్నాడు.

కానీ పాత చిక్కే మళ్లీ వచ్చింది. మూడో మాట దగ్గర నేను అందుకోకపోయేసరికి ఆయన గొంతు తడబడింది. నాకు ఏం తోచిందో ఏమో, ఆయనకు ఎదురుగా వెళ్లి కూర్చుని, గొంతు బయటికి రాకుండా పెదవులు మాత్రం కదిపాను, వింటున్న బాపూ అని. కాక నా పెదవులు చూశాడు, తాపీ ఆడింది, పాట సాగింది. "నీకు నేను కనబడలేదు, నాకు నువ్వు కనబడతవు" అన్నప్పుడు మాత్రం ఆయన చూపు నన్ను దాటి ఎటో పోయింది. ఆ సాయంత్రం క్యాసెట్ విమానమెక్కింది.

కాక సెలవు మీద పోయి తిరిగి వచ్చేదాకా మాకు ఏ కబురూ లేదు. వచ్చిన శుక్రవారం మెట్ల కిందనుంచే ఆ నవ్వు వినిపించింది. బస్సు దిగేసరికి పిల్ల తల్లి కొంగు వెనక దాక్కుందట. దగ్గరికి పోతే ఇంకా వెనక్కి జరిగిందట. "గప్పుడు యాదికొచ్చింది వదినె. పెట్టె కింద పెట్టి, రోడ్డు మీదనే కూసుండి, ఊటబాయి లేని ఊరు అన్న. కొంగు ఎనకకెళ్లి సన్నగ వచ్చింది, వింటున్న బాపూ అని!" ఆ మాటకు అమ్మ కళ్లొత్తుకుంది. పిల్ల అప్పటికే వాడకట్టులోని పిల్లలందరికీ ఆ పాట నేర్పేసిందట. నేను ఎదురింటికి పరుగెత్తి ఆంటీకి చెబితే, ఆమె నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది.

తర్వాత ఆమె తన దేశం వెళ్లిపోయింది. తలపండినాక కూడా చిన్న చిన్న వేదికల మీద తన పాటలు తనే పాడుకుంటూ తిరిగింది. ఒక రికార్డు నాకు పంపింది. అందులో ఒక పాటలో ప్రతి మాట తర్వాతా గిటారు కూడా ఆగిపోతుంది. ఆ ఖాళీ మా దోహా ఇంట్లో పుట్టిందని అక్కడి వాళ్లకు తెలియదు. నాకు తెలుసు, చాలు.

నేనూ పాటలు కట్టుకుంటూనే తలపండించుకున్నాను. ఇప్పుడు అల్ రయ్యాన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నా. నాతో వాయించే కుర్రాళ్లు సందు దొరికితే చాలు కీబోర్డు దూరుస్తారు. చెయ్యి తియ్యి నాయనా, ఆ చోటు నీది కాదు అని కసురుకుంటాను. ముసలమ్మకు చాదస్తం అనుకున్నా సరే, నా పాటలో నేను వదిలిన చోటు జోలికి ఎవరినీ రానివ్వను.

మొన్న శుక్రవారం అల్ ఖోర్ దగ్గర క్యాంపులో పాడాను. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో డ్యూటీ నుంచి బస్సు దిగి నేరుగా వచ్చిన వాళ్లు హాలు నిండా ఉన్నారు. ఇప్పుడు క్యాంపుల్లో అందరికీ నోటికొచ్చిన మేస్త్రీ కాక పాట ఎత్తుకుని, "ఊటబాయి లేని ఊరు" అని ఆగాను. "వింటున్న బాపూ" అని హాలంతా దద్దరిల్లింది. ముందు వరసలో ఒకతను ఇంటికి వీడియో కాల్ చేసి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. అందరి గొంతులూ ఆగిపోయాక, కాస్త ఆలస్యంగా, ఆ ఫోన్‌లోంచి ఒక చిన్న పిల్ల గొంతు ఒంటరిగా లేచింది, వింటున్న బాపూ అని. తబలా అతను నా వైపు చూశాడు, తర్వాతి మాట ఎత్తుకోమని. నేను చెయ్యెత్తి ఆపాను. ఆ పిల్ల చివరిదాకా పాడేవరకూ నోరు విప్పలేదు.