వెనక్కి తీసుకోని ఎత్తు

ఉద్యోగంలో చెడ్డ నిర్ణయాలు అందరూ తీసుకుంటారు. కానీ తొందరలోనో, పై అధికారి అరుస్తున్నాడనో తీసుకుంటారు. నాది అలాంటి నాసిరకం సరుకు కాదు. మూడు రోజులు ఆలోచించి, పద్ధతి రాసి, దానికోసం అట్టముక్కలు అచ్చు వేయించి, పైవాళ్లకు ముందుగా తెలియజేసి మరీ తీసుకున్నాను. అంత శ్రద్ధగా తప్పు చేసిన టెస్టర్ నొయిడా మొత్తంలో ఇంకొకరు ఉంటారని అనుకోను.

నా రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలు ఉండగా, జూలై మొదటి సోమవారం, నన్ను బ్యాంకు సాఫ్ట్‌వేర్ పరీక్షల నుంచి అదే కంపెనీ కొత్తగా తెరిచిన వీడియో గేముల విభాగానికి మార్చారు. హోదా ప్లేయర్ రీసెర్చ్ లీడ్. తయారవుతున్న ఆటను బయటి మనుషుల చేత ఆడించి, వాళ్లకేమనిపించిందో రాసి, తయారు చేసేవాళ్లకు అందజేయడం పని. యాభై ఏడేళ్ల మనిషిని గేముల్లో వేశారంటే గౌరవంగా పక్కన కూర్చోబెట్టారనే అర్థం. ఢిల్లీ జనక్‌పురిలో మా ఇంటి దగ్గర మెట్రో ఎక్కి గంటకు పైగా ప్రయాణించి, పక్కన కూర్చోవడానికి రోజూ వెళ్లేదాన్ని.

పని మాత్రం నాకు కొత్త కాదు. చీరాలలో మా నాన్నకూ ఇద్దరు బాబాయిలకూ వరసగా మూడు బట్టల కొట్లు. స్కూలు వదలగానే గల్లా పక్కన స్టూలు నాది. ధర ఎక్కువని గొణుగుతున్న మనిషి చెప్పులు విడిచి పరుపు మీదకొచ్చి కూర్చున్నాడా, గడప దగ్గరే నిలబడ్డాడా అన్నది మా నాన్న చూసేవాడు. నోటిమాట ఆ తర్వాత. ఆటల విభాగంలో దీన్ని ‘పరిశీలన’ అంటారనీ, దానికి కోర్సులున్నాయనీ నొయిడా వెళ్లాకే తెలిసింది.

ఆట అసలు పేరు రాయను. నేను శనిగని అనేదాన్ని. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ మీద మంచు గని, అందులో ఆరుగురు పనివాళ్లు, లెక్కగా ప్రాణవాయువు. మంచు కింద ఏదో జీవజాతి. పులి-మేకలో లాగా వంతులవారీ ఆట: మొదట మనం ఆరుగురికీ ఆజ్ఞలిస్తాం, తర్వాత అవతలి పక్షం కదులుతుంది. రెండు నిబంధనల మీద ఆట మొత్తం నిలబడింది. ఒకటి, ఇచ్చిన ఆజ్ఞ వెనక్కి తీసుకోవడం కుదరదు. రెండు, అవతలివాళ్ల వంతు మంచుపొగలో జరుగుతుంది; పొగ తేరాక ఎవరు మిగిలారో చూసుకోవడమే.

దీన్ని రూపొందించిన డిజైనరు గుర్లీన్, తిలక్‌నగర్ అమ్మాయి, ఇరవై తొమ్మిదేళ్లు. రెండేళ్ల పని. విభాగం ప్రొడ్యూసరు సక్సేనా గారు. ప్రొడ్యూసరంటే సినిమాల్లోలాగా పెట్టుబడి పెట్టేవాడు కాదు, గడువులు చూసుకునేవాడు.

మొదటి విడతకు ఎనిమిదిమందిని ఏజెన్సీ పంపింది. ఎక్కువమంది కటవారియా సరాయ్ గదుల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివేవాళ్లు. ఆడుతూ మనసులో మాట పైకి అనాలి, ఏ భాషలోనైనా సరే. నేను వెనక కూర్చుని రాసుకుంటాను. ఏమడిగినా జవాబు చెప్పకూడదు. ఆట అయ్యాక అభిప్రాయ పత్రం. ఆరుగురు ఒకటే రాశారు: అన్‌డూ బటన్ కావాలి, వేసిన ఎత్తు వెనక్కి తీసుకునే వీలుండాలి. ఒకతను నా దగ్గరకొచ్చి నోటితో కూడా చెప్పాడు. ‘ఆంటీ, నాలుగుసార్లు ప్రిలిమ్స్ పోయింది. జీవితంలో అన్‌డూ లేదు. గేమ్‌లోనన్నా ఇప్పించండి.’

సక్సేనా గారు వెంటనే బటన్ పెట్టమన్నారు. బటన్ పెడితే ఆట చివర వచ్చే పేర్ల పట్టీలోంచి తన పేరు తీసేయమంది గుర్లీన్. అలుగుతోందని ఆయన అనుకున్నారు. నేను అలా అనుకోలేదు. కత్తెర పడ్డ బట్ట వెనక్కి తీసుకోబడదని మా కొట్లో బోర్డు ఉండేది. ఆ బోర్డు వల్లే గుడ్డ చింపించే ముందు మనిషి ఇంకోసారి కొలత చూసుకునేవాడు. ఈ ఆటలోనూ ఆజ్ఞ ఇచ్చే ముందు వేలు గాల్లో ఆగేది. ఆట రుచంతా ఆ ఆగడంలోనే ఉంది. పైగా తిట్టుకున్న ఆరుగురిలో నలుగురు, సమయం అయిపోయిందని చెప్పినా వినకుండా మళ్లీ మొదలుపెట్టారు. చెప్పులు విడిచి పరుపు మీద కూర్చున్నవాళ్లు వాళ్లు.

అక్కడ ఒక రూలుంది. ఆటగాళ్ల అభిప్రాయం ఆధారంగా డిజైన్ మార్చాలంటే ముగ్గురిలో ఇద్దరి సంతకాలు కావాలి: ప్రొడ్యూసరు, డిజైనరు, రీసెర్చ్ లీడ్. గుర్లీన్ పెట్టదు. నేను ఇంకో విడత పరీక్ష అడిగాను. సక్సేనా గారు మూడు వారాలిచ్చి, అప్పటికీ ఫిర్యాదు తగ్గకపోతే బటన్ ఖాయమన్నారు.

నా గొప్ప నిర్ణయం ఇక్కడే. అడగడం ఉచితమైతే ఎవరైనా అడుగుతారని నా వాదన. అందుకని ఆటలోని మంచి విషయాలు ఒక్కొక్కటీ ఒక్కో కార్డు మీద అచ్చు వేయించాను: సంగీతం, మంచుపొగ, పనివాళ్ల మాటలు, ఇలా పన్నెండు. ఫిర్యాదు నమోదు కావాలంటే ఆటగాడు ఒక కార్డు తిరిగిచ్చేయాలి. అంటే అది ఆటలోంచి పోయినా ఫర్వాలేదని ఒప్పుకోవాలి, బేరం అన్నమాట. అన్‌డూ కోసం ఏం వదులుకుంటావ్ అని అడిగితే చాలామంది వెనక్కి తగ్గారు. రోజురోజుకూ అన్‌డూ అంకె పడిపోతుంటే గుర్లీన్ నాకు సమోసాలు తెప్పించింది.

రెండోరోజు నుంచే ఫిర్యాదులు లావెక్కుతున్నాయని నేను గమనించకపోలేదు. మొదటి విడతలో మనిషికి మూడు వస్తే, వీళ్లు పది చెబుతున్నారు. తొమ్మిది నవ్వుతూ వదిలేస్తున్నారు. అలా వదిలేసినవాటిలో అన్‌డూ కూడా ఉంటోంది కాబట్టి నేను కారణం వెతకలేదు. నా పక్షానికి పనికొస్తున్న తప్పును నేను పరీక్షించలేదు. పరీక్షించడమే నా ఉద్యోగం అయినా.

ఈ రెండో విడతలోనే ఒక ఆదివారం వచ్చిన ఆటగాళ్లలో సువార్త ఒకరు. నలభై దాటిన నర్సు, బాపట్ల వైపు మనిషి, ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రి ఐసీయూలో పద్దెనిమిదేళ్లుగా పని. మెట్రోలో ఫోన్ మీద ఇలాంటి ఆటలు ఆడుతూ వెళ్లడం అలవాటట. చర్చి నుంచి నేరుగా వచ్చారు. మనసులో మాట తెలుగులోనే పైకి అన్నారు. ఆ గదిలోగానీ తర్వాత ఆ రికార్డింగ్ చూసేవాళ్లలోగానీ అది అర్థమయ్యే మనిషిని నేనొక్కదాన్నే.

ఆమె నిదానంగా ఆడారు. ఐదో వంతులో పొగ తేరేసరికి గని డాక్టరు లేడు. ‘ఏంటి నాయనా, ఇక్కడే గదా నుంచోబెట్టా నిన్ను’ అని తెరను అడిగారు. మళ్లీ ఆడారు, మళ్లీ అదే. ఆట అయ్యాక ఫిర్యాదులేమిటని అడిగాను.

‘ఒకటేనండి. మనిషి పోయాడు. పోతే పోయాడు, నేనే తప్పుచోట నుంచోబెట్టుంటా. దేనివల్ల పోయాడో చెప్పట్లేదు.’

అన్‌డూ కావాలా అని అడిగాను.

‘ఎందుకండీ. పోయినోడిని వెనక్కి తెమ్మని ఎవరడిగారు?’

కార్డులు ముందు పరిచి, ఏది తిరిగిస్తారన్నాను. అన్నీ బాగానే ఉన్నాయి, ఎందుకివ్వాలన్నారు. పద్ధతి అన్నాను.

‘మా వార్డులో డ్యూటీ మారేటప్పుడు బెడ్డు ఖాళీ అయిందని చెప్పి వెళ్లిపోతే ఊరుకోరండి. ఎన్నింటికి, ఎట్లా, అంతకుముందు మనమేం చేశాం, అంతా అప్పజెప్పాలి. అప్పుడే గదా ఇంకో బెడ్డు దగ్గర జాగ్రత్తపడేది. ఇక్కడ బెడ్డు ఖాళీ చేసి చూపిస్తన్నారు, అంతే.’

పోనీ సంగీతం వదులుకుంటారా అన్నాను. ఆమె ‘చీర బేరం ఆడినట్టు ఆడతన్నారేంటక్కా’ అన్నారు. తర్వాత సంచీ తీసుకుని, ‘సరే, రాయొద్దులెండి’ అని వెళ్లిపోయారు.

నా నోట్సులో ఇంగ్లీషులో ఒక్క వాక్యం పడింది: ఫిర్యాదు ఒకటి, ఆటగాడే ఉపసంహరించుకున్నారు.

దానికి పన్నెండు రోజుల తర్వాత, శుక్రవారం, ఫలితాలు చూపించాను. అన్‌డూ అడిగినవాళ్లు ఎనిమిదిమందిలో ఒక్కరు. సక్సేనా గారు అంతా విని, తన ల్యాప్‌టాప్‌లో ఒక వీడియో ముక్క వేశారు. ఆటగాళ్లు పిలుపు కోసం కూర్చునే బయటి గదిలోనూ కెమెరా ఉంటుందన్న సంగతి నేను మర్చిపోయాను. అందులో మన ప్రిలిమ్స్ నేస్తం లాంటివాడే ఇంకొకడు పక్కవాడికి బోధిస్తున్నాడు: ‘ఆంటీ దుకాణ్‌దార్ టైపు. పది అడుగు, ఐదిస్తుంది. ముందే గట్టివి నాలుగు కల్పించుకో, వదిలేయడానికి పనికొస్తాయి.’ సరోజినీ నగర్ బజారులో బేరమాడి బట్టలు కొనుక్కునే పిల్లల ముందు నేను బేరం దుకాణం తెరిచాను. వాళ్లు వాళ్ల పద్ధతిలో కొన్నారు. వదిలేసిన అన్‌డూ అక్కర్లేనిదో, బేరంలో పోయిందో ఇక తేలదు.

‘సోమవారం బటన్ పని మొదలవుతుంది, మేడమ్’ అన్నారాయన. గుర్లీన్ కార్డులన్నీ పోగుచేసి నా బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయి తిట్టినా బాగుండేది.

మర్నాడు శనివారం ఆఫీసుకు వెళ్లి మొదటి విడత రికార్డింగులు మళ్లీ పెట్టాను. బేరం పుట్టకముందటి టేపులవి, వాటిలో కల్తీ లేదు. ఈసారి నోళ్లు వినలేదు. అన్‌డూ కోసం చెయ్యి ఏ క్షణంలో వెతుక్కుందో అది మాత్రం రాసుకున్నాను. తమ ఎత్తు తప్పని తెలిసినప్పుడు ఎవరూ వెతకలేదు. దాదాపు ప్రతిసారీ పొగ తేరిన తర్వాతే. మనిషి మాయమైతే, ఒక అడుగు వెనక్కి వెళ్లి ఏం జరిగిందో చూద్దామని. వాళ్లకు కావలసింది ఎత్తు మార్చుకోవడం కాదు, కారణం. దానికి పేరు తెలియక, ఫోనుల్లో అలవాటైన పేరు పెట్టి అడిగారు. పేరు పెట్టి సరిగ్గా అడిగిన ఒకే ఒక్క మనిషి చేత నేను మాట వెనక్కి తీసుకునేలా చేశాను.

ఏజెన్సీ ద్వారా సువార్తకు ఫోన్ కలిపించుకున్నాను. మీరు చెప్పింది నేను నమోదు చేయలేదు, ఇప్పుడు చేస్తాను, మీ మాటల్లోనే మళ్లీ చెప్పండి అన్నాను.

‘రాయలేదని నాకు తెలుసక్కా. నేను చెప్పేటప్పుడు మీ కలం కదల్లేదు’ అన్నారు. తర్వాత మొదటిసారి చెప్పినట్టే, ఒక్క మాట పెంచకుండా తగ్గించకుండా మళ్లీ చెప్పారు.

ఆరోజే కొత్త నివేదిక రాశాను. మొదటి పేరా: రెండో విడత ఫలితాలు చెల్లవు, పద్ధతి నాది, తప్పు నాది. రెండో పేరా: అన్‌డూ అవసరం లేదు, పొగ తేరాక, పోయిన మనిషి చోట నొక్కితే అక్కడేం జరిగిందో చూపించాలి. మూడో పేరా సువార్త మాటలు.

సోమవారం సక్సేనా గారు బటన్ కాగితం నా ముందు పెట్టారు. సంతకం పెట్టనన్నాను.

‘మీ పద్ధతి తప్పని మీరే రాశారు. ఇంకా దేనిమీద నిలబడ్డారు?’

‘మొదటి విడత మీద. దాన్ని మీరూ ఒప్పుకున్నారు.’

‘మేడమ్, ఏడాది కూడా లేదు. రిటైరయ్యాక సలహాదారుగా ఇంకో సంవత్సరం ఉంచుతామని మాటిచ్చాం. ఆరామ్‌గా వెళ్లండి.’

‘ఆరామ్‌గానే వెళ్తాను. సంతకం మాత్రం పెట్టను.’

వార్షిక మదింపులో రాస్తానన్నారు. రాసి నాకో కాపీ ఇవ్వమన్నాను. కావాలంటే నన్ను తీసేసి, కొత్త లీడ్‌తో పెట్టించుకోవచ్చని కూడా చెప్పాను. దానికి మానవ వనరుల విభాగంలో నెలన్నర పడుతుందని ఇద్దరికీ తెలుసు. అంతకంటే ఎనిమిదిమందిని పిలిచి చూడటం తొందరగా అయ్యే పని. మూడో విడత నాకు దొరికింది అలా. బేరమే. కానీ ఈసారి ఆటగాళ్లతో కాదు, నాతో సమానంగా బేరమాడగల మనిషితో.

గుర్లీన్ పది రోజుల్లో ఆ చూపించే ఏర్పాటు కట్టింది. పొగ అలాగే ఉంది. తేరాక నొక్కితే మూడు నాలుగు క్షణాల దృశ్యం: మంచు పగలడం, గాలిగొట్టం తెగడం, ఎవరు ఎటు చూస్తున్నారో. కొత్తగా ఎనిమిదిమంది వచ్చారు. కార్డులు లేవు, నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఇద్దరు అన్‌డూ అడిగారు. ఆరుగురు అడగలేదు, కారణం చూసి, తమను తామే తిట్టుకుని, మళ్లీ మొదలుపెట్టారు. సక్సేనా గారు టేపులన్నీ స్వయంగా చూసి బటన్ కాగితాన్ని రద్దు చేశారు. అదే వారం నా మదింపు కూడా రాశారు: ‘పరీక్ష పద్ధతిని తన అభిప్రాయానికి అనుకూలంగా మలిచారు.’ కింది శ్రేణి. అందులో అబద్ధం లేదు కాబట్టి అప్పీలు చేయలేదు.

ఆట విడుదలైంది. ఇప్పటికీ అన్‌డూ లేదని తిట్టేవాళ్లున్నారు. తిట్టనీ. ఆ కాగితం ఇవాళ తెచ్చి ముందు పెట్టినా నేను సంతకం పెట్టను.

ఈ పని నేర్చుకునేవాళ్లకు చెప్పేది ఒకటే. ఆటగాడు అడిగింది ఇవ్వనక్కర్లేదు. ఎందుకు అడిగాడో రాసుకోకుండా ఉండే హక్కు మాత్రం మనకు లేదు.

ఇక లెక్క. పోయినవి: ఒక మదింపు, దానితోపాటు లీడ్ హోదా, రిటైర్మెంటు తర్వాత ఇస్తామన్న సంవత్సరం. మిగిలింది: ఒక నిబంధన. అది నేను కాపాడానని గుర్లీన్ అందరికీ చెబుతుంటుంది, నేను చాలాకాలం కాదనలేదు. దాన్ని కాపాడిన మాట సువార్తది. ఆట చివరి పేర్ల పట్టీలో ఆటగాళ్లలో మూడో విడత వాళ్లనే వేశారు, ఆమె పేరు లేదు, నా పేరుంది. ఆమె చెప్పిన ఆదివారానికీ, నేను రాసిన శనివారానికీ మధ్య పదమూడు రోజులు. ఈ వ్యవహారంలో అచ్చంగా నా సొంతమని చెప్పుకోదగ్గది ఆ పదమూడు రోజుల ఆలస్యమే.