పెద్దమ్మ కట్టిన ఎర్ర పోగు

మా పెద్దమ్మ పోయింది. పొద్దున నడకకు బూట్లు గడప పక్కన సిద్ధంగా పెట్టుకుని, నిద్రలోనే పోయిందని అన్న ఫోన్ చేసి చెప్పాడు. "బూట్లు జర లోపల పెట్టన్నా, మంచుకు తడుస్తయి" అన్నాను.

చీర మీద తెల్లని బడిపిల్లల బూట్లు వేసుకుని నారాయణపేట వీధుల్లో తిరిగిన ఆడమనిషి ఆమె ఒక్కతే అనుకుంటాను. పెళ్లయి వచ్చిన నాటి నుంచి గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని నేసిన మనిషి. మోకాళ్లు పట్టేశాయి. దవాఖానలో రోజూ నడవమన్నారు. రోడ్డు మీద నడుద్దామంటే లారీలు, మేడ మీద నడుద్దామంటే పక్కింటివాళ్ల ప్రశ్నలు. ఒకరోజు ఊరి వెనక గుట్టను చూపించి, "గా గుట్టల తొవ్వ ఉంటే ఎంత మంచిగుండు" అంది. మేమంతా నవ్వాం. పనిమీద పోయేవాళ్లకు తొవ్వ కావాలి గానీ, ఊరికే నడిచేవాళ్లకు ఎందుకు?

"ఊరికెనే నడుసుడు గూడ పనే" అంది.

మా ఊరు జిల్లా అయిన కొత్తలో సంగతి ఇది. గుట్టకు ఈ కొసా ఆ కొసా అటవీశాఖది. నడుమ సీతాఫలం చెట్లున్న ముక్క మాత్రం మా వాడకట్టులోనే పండ్ల వ్యాపారం చేసే చాచా పట్టా జాగా. చెట్టు కొట్టకుండా, సిమెంటు పోయకుండా నడుచుకొమ్మని అటవీశాఖవాళ్లు ఒప్పుకున్నారు. చాచా "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాంనే సరే అనుకుని, వాడకట్టంతా ఆదివారాలు ముళ్లకంప తీసి, రాళ్లు పక్కకు జరిపాం.

తొవ్వ తప్పకుండా ఆనవాలుగా, మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర పోగులు తెచ్చి పెద్దమ్మ కొమ్మలకు కట్టేది. ఆ పొద్దులు నిజంగా గడిచాయో, నేను కలగన్నానో ఇప్పుడు తేల్చుకోలేను. మంచులో ముందున్న ఆమె కనబడదు. తెల్లని బూట్లు రెండూ వాటంతటవే నడిచిపోతుంటాయి, వాటి వెనక మేము. సీతాఫలం ఆకుల పచ్చి వాసన. ఆమె ఒకచోట ఆగి పోగు ముడివేసి, అది గాలికి కదిలేదాకా చూసి, మళ్లీ నడిచేది.

చాచా జాగాలో ఒక మోదుగు చెట్టు దగ్గర తొవ్వ మలుపు తిరుగుతుంది. మలుపని అక్కడ పోగులు ఎక్కువ కట్టింది. చూసినవాళ్లు అది మొక్కులు కట్టే చెట్టనుకున్నారు. ఒకరు మొదలుకు పసుపు పూశారు. ఇంకొకరు మన్నత్ మొక్కుకుని పచ్చ దారం కట్టారు. కొన్నాళ్లకు టెంకాయ చిప్పలూ కనబడ్డాయి. చాచా మా ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, నా జాగల దేవుడు ఎప్పుడెలిసిండు? రేపు ఒకలు గుడి అంటరు, ఎల్లుండి ఒకలు దర్గా అంటరు. నడుమ నేనేడికి పోవాలె? కంచె ఏస్తున్న. ఇగ తొవ్వ లేదు."

ఆయన భయం నిజమే. కూర్చున్న దేవుణ్ని లేపడం ఎవరి తరం? మావాళ్లలో కొందరికి మాత్రం లోలోపల సంతోషం, దేవుడుంటే కంచె ఎట్లా వేస్తాడని. ఒకాయన ఆ మాట పైకే అనేశాడు. పెద్దమ్మకు కోపం రావడం నేను చూసింది అప్పుడే.

"అబద్ధం మీద నడిస్తే మోకాళ్ల నొప్పి తగ్గదు" అని లేచింది.

కత్తెర పట్టుకుని, చాచాను వెంటబెట్టుకుని మోదుగు దగ్గరికి పోయింది. వెనక వాడకట్టంతా. "ఇది మొక్కు గాదు. నా మగ్గం కాడ మిగిలిన పోగు. తొవ్వ తప్పకుంట నేనే కట్టిన" అని అందరికీ వినబడేలా చెప్పి, తన పోగులన్నీ కత్తిరించింది. మిగతావాటి దగ్గర చెయ్యి ఆగింది.

"నావి తీసిన తమ్మీ. ఒకల మొక్కు నేనెట్ల తెంపాలె?"

మొహాలు దించుకుని ఒక్కొక్కరే వచ్చి ఎవరి దారం వాళ్లు విప్పుకున్నారు. చివరికి పచ్చ దారం ఒక్కటి మిగిలింది. రోజూ మాతో నడిచే చాచా వాళ్ల ముసలి అమ్మ ముందుకొచ్చింది.

"గది నాది బేటా. మన్నత్ బయటికి చెప్పొద్దంటరు. అయినా చెప్తున్న. నువ్వు గీ తొవ్వ మూయొద్దని కట్టిన."

చాచా కోప్పడలేడు, నవ్వలేడు. కాసేపటికి నవ్వే గెలిచింది. కంచె తొవ్వను విడిచిపెట్టి వేశాడు. ఒకటే షరతు, ఆ చెట్టుకు ఇంకెవరూ దారం కట్టకూడదు. పెద్దమ్మ మాటిచ్చింది. అప్పటినుంచి ఆనవాళ్లు రాళ్ల మీద సున్నం చుక్కలే. మీరెప్పుడైనా అటువైపు వస్తే ఆ చుక్కలు పట్టుకుని నడవండి, తప్పిపోరు. "దారం తెగితే ముడేస్తం. తొవ్వ తెగితే మాట్లాడుకోవాలె" అని ఆమె తర్వాత చాలాసార్లు అనేది. ఆ మాట పట్టుకునే ఇంట్లో ఎన్నో తగాదాలు తీర్చుకున్నాం.

దినాలయిన మర్నాడు పొద్దున్నే గుట్టకు పోయాం. మంచు అట్లాగే ఉంది. ముందు బూట్లే లేవు. మలుపు దగ్గర మోదుగు కొమ్మకు ఎర్ర పోగు కనబడి ఆగిపోయాను. పెద్దమ్మ మగ్గం మీద సగంలో ఆగిన చీర అంచు రంగే అది. చెట్టు పక్కన చాచా నిలబడి ఉన్నాడు.

"మొక్కు గాదు బిడ్డా" అన్నాడు, నేనేమీ అడగకముందే. "అక్క కొత్త తొవ్వల పోతాంది గద. జర ఆనవాలుండాలె."

పోగు గాలికి కదిలేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. తర్వాత నడిచాం.