వాటం లేని నేల

వనపర్తిలో ఫిగర్ స్కేటింగ్ అంటే ఇప్పటికీ జనం నవ్వుతారు. మీ దగ్గర మంచెక్కడుందమ్మా అంటారు. మంచు అక్కర్లేదు మహానుభావా, చక్రాల బూట్లతో కూడా పాటకు తగ్గట్టు గంతులేయొచ్చు, గిరగిరా తిరగొచ్చు, దానికీ జడ్జీలుంటారు, మార్కులుంటాయి అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఇప్పుడు మానేశాను. రాష్ట్ర జట్టులో ఆరేళ్లు ఆడాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

నేను నేర్చుకున్నది మార్కెట్ యార్డులో, రైతులు పల్లికాయ ఆరబోసే సిమెంటు కల్లం మీద. పంట వచ్చే నెలల్లో ప్రాక్టీసు బంద్. మిగతా రోజుల్లో పొద్దున్నే ఊడ్చి, పొట్టు ఏరి, స్కేట్లు కట్టుకునేదాన్ని. నేర్పింది మా బడి పీఈటీ సార్. ఒంటికాలి మీద స్పిన్ చేస్తే ఉన్నచోటే తిరగాలి. నేను మాత్రం ఎప్పుడూ మురికికాలువ వైపు జరిగిపోయేదాన్ని.

"నడుము గట్టిగ పట్టవే! యాడికి పోతున్నవ్, మోరీలకా?" అని సార్ నాలుగేళ్లు తిట్టాడు. ఆ తిట్లు పడలేక కాలువకు ఎదురువైపు కాస్త ఒరిగి తిరగడం అలవాటు చేసుకున్నాను. అప్పుడు స్పిన్ నిలిచింది. గద్వాల, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన పిల్లలందరినీ ఓడించాను. ఆ పోటీ కూడా మా కల్లం మీదే పెట్టారు లెండి.

ఇంటర్ రెండో ఏడు రాష్ట్ర జట్టు ఎంపికకు హైదరాబాద్ పోయాం. సార్‌కు పరీక్షల డ్యూటీ పడింది, నాయన వచ్చాడు. ఆయన పెద్దమందడి దగ్గర కౌలుకు పల్లి వేసే రైతు. "ఈసారి జట్టుల పేరొస్తే నీ ఇష్టం. రాకుంటే గా బూట్లు అటకెక్కాలె, నువ్వు డిగ్రీల చేరాలె" అని ముందే షరతు పెట్టాడు. సరే అన్నాను. ఓడిపోతానన్న ఆలోచన నాకు ఏ కోశానా లేదు.

పోటీకి ముందు అరగంట ప్రాక్టీసు ఇచ్చారు. అక్కడి స్కేటింగ్ రింకు నేల అద్దంలా ఉంది. స్పిన్ ఎత్తుకున్నానో లేదో, ఒరిగిన వైపే కొట్టుకుపోయి పడ్డాను. మళ్లీ తిరిగాను, మళ్లీ పడ్డాను. మూడోసారి పక్కనున్న అమ్మాయి మీద పడబోయి కింద పడ్డాను. కోపం నసాళానికి అంటింది. అంచున కూర్చున్న నాయన దగ్గరికి పోయి "ఈ నేలే మంచిగ లేదు" అన్నాను. ఆడలేక మద్దెల ఓడంట అని ఆ అమ్మాయి కిసుక్కున నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నాయన లేచాడు. బాటిల్లో నీళ్లు గుక్కెడు తాగి, ఇంకో గుక్కెడు రింకు అంచున పోశాడు. అక్కడ పనిచేసే మనిషి ఉరికొచ్చాడు.

"ఓ పెద్దాయనా, దిమాక్ ఉందా? ఆడే జాగల నీళ్లు పోస్తరా?"

"జర ఆగు సారూ, నేనే తుడుస్త" అని నాయన భుజం మీది తువ్వాల తీశాడు. తుడిచే ముందు నన్ను పిలిచాడు. "సూడు బిడ్డా, నీళ్లు యాడికీ పోతలేవు. ఈ నేలకు వాటం లేదు. వాననీళ్లు మోరీలకు పోనీకె మన కల్లానికి వాలు పెట్టిన్రు. నువ్వు గా వాటానికి ఒరుగుడు నేర్చినవ్. ఈడ ఒరగకు."

నాలుగేళ్లు నేనూ సారూ కలిసి నా నడుమును తిట్టుకున్నాం! ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. నిటారుగా నిలబడితే పడిపోతున్నట్టే అనిపించింది. అయినా ఒరగలేదు. పోటీలో ఒక గంతుకు చెయ్యి నేలకు ఆనింది, మార్కులు పోయాయి. చివరి స్పిన్ మాత్రం మేకు కొట్టినట్టు ఉన్నచోటే తిరిగాను. అంత బాగా నేను అంతకుముందెప్పుడూ తిరగలేదు. ముగ్గురిని తీసుకున్నారు. మూడో పేరు నాది.

తిరుగు బస్సులో నాయనను అడిగాను. "నువ్వు సప్పుడు జేయకుంటే నీ మాటే నెగ్గుతుండె గదా?"

"అవ్ బిడ్డా. ఫస్టు పడ్డప్పుడే నాకు ఎరికైంది. పోనీలే, సదువుకుంటది అని ఊకున్న. రెండోసారి గూడ ఊకున్న." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "మూడోసారి పడ్డవు సూడు, ఇగ పానం ఒప్పలే. నీ తప్పుకు ఓడితే ఓడు. కల్లం తప్పుకు నువ్వెందుకు ఓడాలె?"

రెండుసార్లు ఊరుకున్నందుకు కోపం రావాలి నాకు. రాలేదు. జడ్చర్ల దాకా ఆయన చెయ్యి వదల్లేదు.