నవ్వులు రాసిన ఎర్రమంజిల్ అక్క

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు మారుతుంటే, వీడియోలు చేసే ఎవరో కుర్రవాణ్ణి పిల్లలంతా చుట్టుముట్టి, ఫోటోలు దిగి, "సూపర్ అన్నా" అంటూ క్షణంలో చెదిరిపోవడం చూశాను. అభిమానించే మనిషిని మొదటిసారి కలవడానికి మేమెంత తటపటాయించేవాళ్లమో గుర్తొచ్చి, ఇంటికి చేరేదాకా మనసు అదోలా ఉండిపోయింది.

కంప్యూటర్ కోర్సుల బోర్డులతో అమీర్‌పేట గోడలు కనిపించకుండా పోయిన రోజులవి. ఏలూరు నుంచి వచ్చి, అక్కడే ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ, పంజగుట్టలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. ఆఫీసులో అంతా ఇంగ్లీషు, గదిలో ఎవరి దిగులు వాళ్లది. అలాంటప్పుడు తెలుగు బ్లాగులు దొరికాయి. మన తరంవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఎవరైనా కొత్త టపా రాస్తే ఇంటికి చుట్టాలొచ్చినట్టుండేది.

నాకు అందరిలోకీ ఇష్టమైన బ్లాగు మారుపేరుతో ఒకావిడ రాసేది. అంతా వాళ్లాయన గురించే. గొడుగు చంకలో పెట్టుకుని గొడుగు కోసం ఇల్లంతా వెతకడం, బల్కంపేట బోనాల రద్దీలో పక్కావిడని తన భార్యే అనుకుని "జల్దీ నడువు" అని గదమాయించడం, ఆ తర్వాత తప్పంతా భార్యదేనని వాదించడం... చదివి నవ్వాపుకోలేక కీబోర్డు మీద తల వాల్చేసేదాన్ని.

ఒక ఆదివారం బ్లాగర్లంతా పంజగుట్టలో ఒక ఇరానీ హోటల్లో కలిశాం. నల్ల బురఖాలో, భుజాన గుడ్డసంచితో, కాస్త బెరుగ్గా లోపలికొచ్చిన ఆవిడే మా అభిమాన రచయిత్రి అని తెలిసి అందరం లేచి నిలబడ్డాం. చిన్నప్పటినుంచీ తెలుగు మీడియమేనని, ఎర్రమంజిల్లో సర్కారు ఆఫీసులో పని అని చెప్పింది. నేనిక ఆగలేక, "మీ టపాలు లేకపోతే ఈ ఊళ్లో ఉండలేకపోయేదాన్నక్కా. అన్నయ్యగారిని కూడా తీసుకురావాల్సిందండీ, ఒక్కసారి చూసేవాళ్లం" అన్నాను.

ఆమె నవ్వి, చాయ్ కప్పు అందుకుంది. బస్టాపు దాకా తోడు వెళ్తే, అక్కడ చెప్పింది.

"ఆయన పోయి మూడేండ్లయితుంది చెల్లె. ఆయన కుర్సీలనే నేను కూసుంటున్న. అందరు అన్నానికి పోయినంక ఆయన కంప్యూటర్ మీదనే రాస్త."

నా చెయ్యి పట్టుకుని, "ఎవ్వరికి చెప్పకు. తెలిస్తే నవ్వుడు బంద్ చేస్తరు. మీరు నవ్వినన్ని దినాలు ఆయన నాతోని కొట్లాడుకుంటనే ఉంటడు" అంది.

నేను చెప్పలేదు. ఆ తర్వాత ఆమె టపాలు చదువుతుంటే నవ్వు వచ్చేది కాదు, అయినా ఎప్పటిలాగే "పొట్ట చెక్కలయ్యేలా నవ్వానక్కా" అని వ్యాఖ్య రాసేదాన్ని.

కొన్ని నెలలకి, ఆమె రాతలంటే ప్రాణంపెట్టే ఒక పెద్దాయన, స్వయంగా అభినందించాలని ఆ ఆఫీసుకి వెళ్లారు. ఆ రోజు ఆమె సెలవు. సారు పోయాక మేడమ్‌కి ఆ ఉద్యోగం ఇచ్చారని అటెండరు చెప్పాడట. పెద్దాయన కరిగిపోయి, తన బ్లాగులో ఆమె గురించి ఎంతో గొప్పగా, ఎంతో ప్రేమగా రాశారు. సాయంత్రానికల్లా ఆమె పాత టపాలన్నిటి కిందా, ఆ గొడుగు కథ కింద కూడా, సంతాపాలే.

మర్నాడు ఎర్రమంజిల్ పరిగెత్తాను. కిటికీ పక్కన కూర్చుని ఫైళ్లు సర్దుతోంది. నన్ను అనుమానిస్తుందేమోనని నా భయం.

"నువ్వు చెప్పలేదని నాకెర్కే. పాపం, ఆ పెద్దమనిషి తప్పు సుత లేదు" అంది. ఇంకో ఫైలు ముందుకు లాక్కుని, తలెత్తకుండానే, "పొద్దున ఏదో రాద్దామని కూసున్న. ఆయన ఒక్క మాట మాట్లాడలే చెల్లె" అంది.

ఆమె మళ్లీ రాయలేదు. కొన్నాళ్లకి బ్లాగూ తీసేసింది, ఆపైన ఆమెకి బదిలీ అయిందన్నారు, ఎక్కడికో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

ఇప్పుడు రాసేవాళ్లకి కొదవ లేదు, మెచ్చుకోడానికి బస్సెక్కి వెళ్లే పనీ లేదు. మా వీధి చివర ఉండే ఒకావిడ తన అత్తగారి గురించి ఫోన్లో సరదా కథలు రాస్తుంటుంది, నేను ఒక్కటీ వదలను. కూరగాయల బండి దగ్గర తరచు ఎదురవుతుంది కూడా. వెనకటి నేనైతే రెండు చేతులూ పట్టుకుని చెప్పేసేదాన్ని. కానీ కథల్లో అంత సందడి చేసే ఆ అత్తగారు ఆమె పక్కన ఎన్నడూ కనబడకపోవడం చూసి, టమాటాలు ఏరుకుని, పలకరించకుండానే ఇంటికి వచ్చేస్తున్నాను.