సూత్రం గిట్టని సోమయాజులు గారు

సోమయాజులు గారికి సూత్రమంటే గిట్టదు. యూనివర్సిటీలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు మెకానిక్స్ చెబుతారాయన. బంతి పైకి విసిరితే ఎంత ఎత్తు పోతుందని అడిగితే లోకమంతా ఒక సూత్రంలో అంకెలు వేసి, జవాబు రాసేసి, టీకి పోతుంది. ఆయన మాత్రం "త్వరణం అంటే ఏమిటి?" దగ్గర మొదలుపెడతారు. దాన్ని ఇంటిగ్రేట్ చేసి వేగం, వేగాన్ని ఇంటిగ్రేట్ చేసి ఎత్తు తెచ్చేసరికి బంతి ఎప్పుడో కింద పడి, గంట కూడా కొట్టేస్తారు.

తార్నాకలో ఆయన ఇంట్లో ఫ్యాన్ ఆపితే, అది పూర్తిగా నిలిచేదాకా ఎవరూ స్విచ్చి ముట్టుకోకూడదు. ఎలా నెమ్మదిస్తోందో ఆయన చూసుకోవాలి. ఎండాకాలం వచ్చిన చుట్టాలు చెమటలు కక్కుతుంటే భార్య వెంకటరమణమ్మ గారు విసనకర్రలు పంచి, "కాస్త ఓపిక పట్టండి, ఆయన లెక్క ఆగుతోంది" అనేవారు.

ఓసారి ఆటో నడిపే ఉప్పలయ్యను, "బ్రేకు వేశాక నీ బండి ఎంత దూరంలో ఆగుతుందయ్యా?" అని అడిగారు.

"మీరు దిగుతనంటే గీడనే ఆగుతది సార్."

ఈయన ధాటికి క్లాసులో అందరికన్నా నలిగిపోయినవాడు భానుప్రకాశ్. జనగామ వైపు రైతుబిడ్డ. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. క్యాంపస్‌లో పొద్దున ఊరేగింపు, మధ్యాహ్నం బాష్పవాయువు. ఎప్పుడో ఓ రోజు క్లాసు దొరికితే, ఈయన మళ్ళీ త్వరణం దగ్గరే!

"సార్, సీదా ఫార్ములా చెప్పున్రి. మాకు టైం లేదు."

"మరిచిపోతేనో?"

"మరువం సార్."

"అయితే త్వరణం అంటే ఏమిటో చెప్పు."

భానుప్రకాశ్ కూర్చున్నాడు. ఆ సాయంత్రం హాస్టల్లో, "ఆంధ్రా సారు కదా, కావాలనే మనల్ని సతాయిస్తున్నడు" అన్నాడు, అందరికీ వినబడేలా.

తరవాతి వారమే హాస్టల్ గేటు దగ్గర రాయి తగిలి పోలీసు జీపు అద్దం పగిలింది. ఎక్కడో దూరంగా హాస్టల్ మెట్ల మీద నినాదాలిస్తున్న భానుప్రకాశ్‌ను ఎత్తుకుపోయారు. కేసు పడితే చదువు గల్లంతే. ఏడవకూడదని పళ్ళు బిగబట్టి స్టేషన్ మూలన నిల్చున్నాడు. అంతలో ఉప్పలయ్య ఆటోలోంచి సోమయాజులు గారు దిగారు, జేబులో చాక్‌పీసుతో.

"మీవాడు మెట్ల మీంచి విసిరాడు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కోపంగా.

"మెట్ల నుంచి గేటు దాకానా? రాయెంత?"

ఇన్‌స్పెక్టర్ పిడికిలి చూపించాడు. సోమయాజులు గారు నేరుగా స్టేషన్ గోడకున్న బ్లాక్‌బోర్డు దగ్గరికి నడిచారు.

"తుడవకండి సార్! అవి ఈ నెల దొంగతనాలు!" కానిస్టేబుల్ ఇన్నయ్య అడ్డంపడ్డాడు.

దొంగతనాల పక్కన ఖాళీలో పాఠం మొదలైంది. "ముందుగా, త్వరణం అంటే ఏమిటి?"

భానుప్రకాశ్ తల పట్టుకున్నాడు.

ప్రతి వరుస దగ్గరా ఆగి, "ఇంతవరకూ ఒప్పుకుంటారా?" అని అడిగారాయన. ఇన్‌స్పెక్టర్ మొదట విసుగ్గా, తరవాత ఆవలిస్తూ, చివరికి బుద్ధిగా తలూపాడు.

"అంటే, ఈ రాయి గేటు చేరాలంటే దేశానికి ఆడే ఫాస్ట్ బౌలర్ కావాలి. వీడు వెనక బెంచీ నుంచి విసిరే చాక్‌పీసు ఇంతవరకూ నన్ను తాకలేదు. ఇక గాలి నిరోధం కూడా కలుపుదాం."

"గాలి వద్దు సార్! పిల్లాణ్ణి తీసుకెళ్ళండి!"

బయటికొచ్చాక భానుప్రకాశ్ నేల చూపులు చూస్తూ అడిగాడు. "ఫార్ములా చెప్తే ఒక్క నిమిషంల అయిపోతుండె గద సార్?"

"ఒక్క నిమిషంలో చెబితే కాదనేవాడు. అప్పటికింకా కోపం మీదున్నాడు."

"మరి క్లాసుల ఎందుకు సార్? మాకైతే కోపం లేకుండె."

"మీరు ఊరేగింపుకి పోతారు, లాఠీ తింటారు, ఎప్పుడో తిరిగొస్తారు. నిన్నటి సూత్రం నిన్న ఉన్నవాడికే పనికొస్తుంది. మొదటినుంచీ చెబితే, ఎప్పుడొచ్చినవాడైనా అందుకుంటాడు." ఆయన ఆటో ఎక్కి జరిగి చోటిచ్చారు. "ఎక్కు. మా ఇంట్లో మీ పిన్నిగారు ఉప్మా చేసింది."

ఆ తరవాత బంద్ ముగిసిన రోజు, క్లాసు సగం పైగా నడిచాక, చాన్నాళ్ళుగా కనబడని నలుగురు గుమ్మంలో నిలబడ్డారు. సోమయాజులు గారు డస్టరు తీసి బోర్డంతా తుడిచేశారు. క్లాసు మొత్తం ఉసూరుమంది. భానుప్రకాశ్ బెంచీ మీద పక్కకు జరిగి వాళ్ళను పిలిచాడు.

"రాండ్రి, రాండ్రి. గిప్పుడే షురువైంది."