నాయిన చేతికి కబురు

ఎనభైల చివర, ఆ ముసురు పట్టిన మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కల లెక్కనే యాదికొస్తయి. కొత్తవాడల మా ఇంట్ల దండేనికి రంగు నూలు వేలాడేది. దాని కింద నేను, నాయిన ఎదురెదురుంగ కూసునేటోళ్లం. జంపఖానాలు నేసే నాయిన కుడిచెయ్యి పక్షవాతంతోటి పడిపోయి నాలుగు నెలలైంది. మగ్గం ఆగింది.

"ఇగ ఇంతేనమ్మా" అన్నరు దవాఖానల. నేనొప్పుకుంటనా! ముక్కు మీద కోపమున్న మనిషిని, పైగా ఎమ్మెస్సీ జువాలజీ సదువుతున్న.

ఒకనాడు క్లాసుల సార్ సముద్రపు నత్త గురించి చెప్పిండు. ఒక నరకణం వదిలిన రసాయనం ఇంకో కణాన్ని తాకుతది. ఆగి ఆగి, మళ్ల మళ్ల తాకితే ఆ కబురు లోపల కేంద్రకం దాంక పోతది. అక్కడ నిద్రపోతున్న జన్యువులు మేలుకుంటయి, కొత్త ప్రొటీన్లు తయారైతయి. అట్లయితేనే నేర్చుకున్నది నిలుస్తదట. బస్సుల ఇంటికొస్తుంటే నాకు అదే కనబడ్డది. నాయిన మెదడుల సన్నని గల్లీలెంబడి ఒక కబురు మెల్లగ నడిచిపోతున్నది, ఎవరివో తలుపులు కొడుతున్నది.

తెల్లారినుంచే, నాయినకు నత్త ముచ్చట చెప్పి, మొదలువెట్టిన. నాయిన చేతుల నూలు ఉండ పెట్టి "జర గట్టిగ పట్టు!" అని పొద్దుగూకేదాంక సతాయించిన. మూడోనాడు నాయిన ఏడ్సిండు. అమ్మ నా మీద లేచింది. "పడుగు నూలుకు గంజి పెట్టినంక ఆరనియ్యమానే? మనిషికి ఆ మాత్రం తీరువాటం ఇయ్యవా?"

సిగ్గయింది. ఆగి ఆగి అని సార్ చెప్పిన మాటనే మర్సిపోయిన.

అప్పటిసంది పొద్దున కొంచెం, మాపటికి కొంచెం. నడుమ నాయిన కునుకు తీసేది, నేను వాన సప్పుడు ఇనుకుంట కూసునేది. కొన్ని వారాలకు వేళ్లు ఉండ సుట్టు ముడుసుకున్నయి. జన్యువులే మేలుకున్నయో, చెయ్యి దానంతటదే కోలుకున్నదో నాకు ఇప్పటికీ తెల్వది. కానీ భుజం మాత్రం లేవలే. భుజం లేవకుంటే మగ్గం లేదు.

ఒకనాడు భుజం లేవాలన్న ధ్యాసల పడి మళ్ల ఆపుడు మర్సిన. "ఇంకొక్కసారి నాయినా, ఇంకొక్కసారి."

"నీ సదువు మీద మన్నువడ! నేనేమన్న నత్తనానే?" అని నాయిన చేతుల ఉన్న ఉండను నా మీదికి ఇసిరిండు.

అది నా చెంపకు తాకి కిందపడ్డది. ఇద్దరం దాన్ని సూడలే. గాలిల నిలవడ్డ ఆ కుడిచెయ్యినే సూసినం.

"కొట్టు నాయినా," అన్న, ఏడుపు ఆపుకోలేక. "మళ్ల కొట్టు."